పెరటి మందైనా మందే కదా!

2025 సంక్రాంతి రోజున నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. అక్కడి పసుపు రైతులు ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చిన బోర్డు అది. ఇటు గుంటూరు వైపు దుగ్గిరాల యార్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. మన పసుపంటే మనకి ఆమాత్రం గర్వం ఉండాల్సిందే. 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతి మీద పేటెంటు తీసుకున్నారు. ఇది మా ఇళ్ళల్లో తరతరాలుగా ఉన్న వైద్యమేనని మన సీఎస్ఐఆర్ సంస్థ పాత గ్రంథాలు చూపించి పోరాడి, 1997లో దాన్ని రద్దు చేయించింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అదే పసుపు గురించి ఇంకో రకం వార్తలు కూడా కొన్నేళ్ళుగా వస్తున్నాయి. అమెరికా, ఇటలీ, ఆస్ట్రేలియాల్లో పసుపు సారంతో చేసిన మాత్రలు వేసుకున్నవాళ్ళు కొందరు కామెర్లతో ఆసుపత్రుల్లో చేరారు. లివరుకి మంచిదని పేరుపడ్డ సరుకే వాళ్ళ లివరుకి చేటు తెచ్చింది. మన దేశంలో తిప్పతీగతోనూ ఇలాంటి గొడవే జరిగింది.

మరి అమ్మమ్మలు చెప్పింది తప్పా? సైంటిస్టులు చెప్పింది తప్పా? ఈ రెండూ కాదని నా అభిప్రాయం. మధ్యలో ఒక చిన్న లెక్క తప్పింది. ఆ లెక్కేమిటో మనలాంటివాళ్ళం తప్పకుండా తెలుసుకోవాలి. ఎందుకంటే ఇంట్లో ఎవరికి ఏ చూర్ణం కలపాలో, ఏ కషాయం కాచాలో చూసేది మనమే. మోకాళ్ళ నొప్పులకనీ, ఒళ్ళు తగ్గడానికనీ, ముఖం మీద నిగారింపుకనీ ఆ డబ్బాలు ఎక్కువగా కొని వాడేదీ మనమే.

వంకాయ ముక్కలు, పాత నూనె

ఈ మందుల డబ్బాల మీద 'యాంటీ ఆక్సిడెంట్' అన్న మాట తప్పకుండా ఉంటుంది. అదేమిటో అర్థం కావాలంటే వంటింట్లోకి వెళితే చాలు. వంకాయలు కోసి అలా వదిలేస్తే ఏమవుతుంది? నల్లబడిపోతాయి. అందుకే ఉప్పునీళ్ళలో వేస్తాం. నూనె సీసా మూత తీసి చాలారోజులు ఉంచేస్తే వాసన మారిపోయి, వాడితే గొంతులో గరగరలాడుతుంది. రెండు చోట్లా జరిగేది గాలిలోని ఆక్సిజన్ చేసే పనే.

మన ఒంట్లోని కణాల్లోనూ ఇలాంటి పని జరుగుతూనే ఉంటుంది. ఆక్సిజన్ లేందే బతకలేం. దాన్ని వాడుకునేటప్పుడు నిప్పురవ్వల్లాంటి పదార్థాలు కొన్ని పుడతాయి. అవి కణం పైపొరలోని కొవ్వుని, లోపలి ప్రొటీన్లని పాడు చేస్తాయి. ఆ రవ్వల్ని ఆర్పే ఏర్పాట్లు కణంలోనే ఉన్నాయి. రవ్వలు ఎక్కువై, ఆర్పే శక్తి తగ్గినప్పుడు కణం దెబ్బతింటుంది. దీన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు.

లివరుకి ఈ బెడద ఎక్కువ. మనం తిన్నదీ తాగినదీ మింగిన మాత్రా అన్నీ ముందు వెళ్ళేది అక్కడికే. విషాన్ని విరిచేది అదే. ఆ విరిచే పనిలోనే రవ్వలు లేస్తాయి. అందరికీ తెలిసిన పారాసిటమాల్ మాత్రనే చూడండి. మామూలు మోతాదులో వేసుకుంటే అందులో కొద్దిభాగం లివరులో ఒక విషపదార్థంగా మారుతుంది. లివరులోనే తయారయ్యే గ్లూటాథయాన్ అనే పదార్థం దాన్ని వెంటనే విరిచేస్తుంది. ఒకేసారి బోలెడు మాత్రలు మింగితే గ్లూటాథయాన్ నిల్వ అయిపోతుంది. కణాలు చచ్చిపోవడం మొదలవుతుంది. అప్పుడు డాక్టర్లు ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందు ఎక్కిస్తారు. అది గ్లూటాథయాన్ నిల్వని మళ్ళీ నింపుతుంది. వేళకి అందితే ప్రాణం నిలుస్తుంది.

అంటే ఆక్సీకరణ ఒత్తిడి నుంచి లివరు కణాల్ని కాపాడటం అనేది కట్టుకథేమీ కాదు. ఆసుపత్రుల్లో నిజంగా జరుగుతున్నదే. అయితే ఏ విషానికి, ఏ మందు, ఎంత, ఎన్ని గంటల్లోపు అన్నవన్నీ తేలిన తర్వాతే అది వైద్యమైంది. మన ఆకులూ వేర్ల విషయంలో తేలాల్సినవీ సరిగ్గా ఇవే.

ఎలుకకి పనిచేసింది, మరి మనిషికి?

నేల ఉసిరి, నేలవేము, కటుకరోహిణి, గుంటగలగర, పసుపు - వీటన్నిటి మీదా మన దేశంలో పరిశోధనలు చాలా జరిగాయి. సాధారణంగా వాటి పద్ధతి ఇలా ఉంటుంది. ఎలుకలకి కొన్నిరోజులు మొక్క సారం పట్టిస్తారు. తర్వాత లివరుని చెడగొట్టే రసాయనం ఏదో ఇస్తారు. సారం తాగని ఎలుకలతో పోలిస్తే తాగిన ఎలుకల లివరు తక్కువగా దెబ్బతింటుంది. లేదా గాజు పళ్ళెంలో పెంచిన లివరు కణాల మీద సారం చుక్కలు వేసి చూస్తారు. అక్కడా కణాలు బాగానే తట్టుకుంటాయి. ఇవి అబద్ధపు ఫలితాలు కావు.

కాకపోతే మనకొచ్చే జబ్బు వేరు. మనమేమీ వారంరోజులు సారం తాగి, ఎనిమిదో రోజున విషం తాగం కదా! మనకి కామెర్లు వచ్చేది వైరస్ వల్ల. లివరు పాడయ్యేది సారావల్ల, కొవ్వువల్ల, షుగరువల్ల. పైగా గాజు పళ్ళెంలో కణం మీద నేరుగా పడ్డ చుక్క వేరు, నోట్లో వేసుకుంటే పొట్ట, పేగులు దాటి లివరుదాకా చేరేది వేరు.

దీనికి నేల ఉసిరి కథే మంచి ఉదాహరణ. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్-బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బరూచ్ బ్లుంబర్గ్ కలిసి లాన్సెట్ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. హెపటైటిస్-బి ఒంట్లో నిలిచిపోయినవాళ్ళకి 30 రోజులు నేల ఉసిరి పొడి ఇచ్చారు. 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనబడకుండా పోయింది. ఉత్తుత్తి మాత్రలు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచమంతా మన పెరటి మొక్క వైపు తిరిగి చూసింది. కానీ తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. ఇప్పుడు హెపటైటిస్-బికి ఏ ఆసుపత్రిలోనూ నేల ఉసిరిని ప్రామాణిక వైద్యంగా ఇవ్వడంలేదు.

సిలిమారిన్ సంగతీ అంతే. యూరప్‌లో పెరిగే ఒక ముళ్ళమొక్క గింజల నుంచి తీసే పదార్థం ఇది. మన మందులషాపుల్లోనూ లివరు మాత్రగా అమ్ముతారు. 2012లో అమెరికాలో, హెపటైటిస్-సి ఉన్న 154 మంది మీద దీన్ని గట్టిగా పరీక్షించారు. కొందరికి మామూలుకన్నా ఎక్కువ మోతాదులు, కొందరికి ఉత్తుత్తి మాత్రలు, 24 వారాలపాటు ఇచ్చారు. లివరు వాపుని తెలిపే రక్తపరీక్షలో రెండు వర్గాలకీ తేడా ఏమీ కనిపించలేదు. అలాగని సిలిమారిన్ ఎందుకూ కొరగాదనీ అనకూడదు. యూరప్‌లో విషపు పుట్టగొడుగులు తిని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళకి దాని నుంచి చేసిన మందుని నరంలోకి ఎక్కిస్తారు. ఆ విషం లివరు కణంలోకి దూరకుండా అది అడ్డుపడుతుంది. ఒకే మొక్క, రెండు కథలు. 'లివరుకి మంచిది' అని ఒక్కమాటలో చెప్పేస్తే ఈ తేడా తెలియదు.

చిటికెడు ఎక్కడ, మాత్ర ఎక్కడ?

ఇక పసుపు దగ్గరికి వద్దాం. పసుపులో పనిచేసే పదార్థం పేరు కర్క్యుమిన్. ఎండు పసుపులో అది నూటికి మూడు పాళ్ళ చొప్పున ఉంటుంది. పప్పులో, కూరలో మనం వేసేది చిటికెడు. అర గ్రాము అనుకుందాం. అందులో కర్క్యుమిన్ 15 మిల్లీగ్రాములు. ఆ కాస్తా ఇంటిల్లిపాదికీ పంచాలి. పైగా కర్క్యుమిన్‌కి ఒక గుణం ఉంది. అది రక్తంలోకి సరిగా ఎక్కదు. ఎక్కిన కొంచెమూ లివరు వెంటనే విరిచి పంపేస్తుంది.

ఇప్పుడు మాత్ర చూడండి. బజారులో దొరికే 500 మిల్లీగ్రాముల మాత్రల్లో చాలావాటిలో 95 శాతం కర్క్యుమిన్ రకాలే. అంటే ఒక్క మాత్రలో సుమారు 475 మిల్లీగ్రాములు. అంత కర్క్యుమిన్ కూరల్లోంచి రావాలంటే 16 గ్రాముల దాకా పసుపు తినాలి. అంత పసుపు వేస్తే ఆ కూర ఎవరైనా నోట్లో పెట్టుకోగలరా? ఆహారంలో కలిపే రంగుగా కర్క్యుమిన్ ఎంతవరకూ పరవాలేదో అంతర్జాతీయ నిపుణుల సంఘం ఒక హద్దు పెట్టింది. కిలో బరువుకి రోజుకి 3 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 180. మాత్ర ఒక్కటే ఆ హద్దుని రెండింతలకు పైగా దాటేస్తోంది.

ఇంకో మెలిక కూడా ఉంది. 1998లో బెంగుళూరు పరిశోధకులు కర్క్యుమిన్‌తోపాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల్లోని ఘాటు పదార్థం, కలిపి ఇచ్చారు. రక్తంలోకి ఎక్కే కర్క్యుమిన్ ఏకంగా 2000 శాతం పెరిగింది. ఇదేదో బాగుందని కంపెనీలు మాత్రల్లో పైపరిన్ కలపడం మొదలెట్టాయి. లివరు మామూలుగా బయటికి పంపేసే పదార్థాన్ని పంపనివ్వకుండా ఆపడమే ఇందులోని కిటుకు. చారులో మిరియాలు, పసుపు కలిపి వేస్తాం కదా అని కంగారుపడకండి. అక్కడి పరిమాణమే వేరు.

ఫలితం ఏమైంది? మందుల వల్ల లివరు దెబ్బతిన్న కేసుల్ని నమోదుచేసే అమెరికా వైద్యుల బృందం 2022లో పసుపు మాత్రల కేసులు పదింటిని వివరంగా ప్రకటించింది. ఆ పదిమందిలో ఎనిమిదిమంది ఆడవాళ్ళు. అయిదుగురు ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. ఒకరు చనిపోయారు. వాళ్ళు వాడిన మాత్రల్ని ఏడింటిని పరీక్షిస్తే అన్నింట్లోనూ నిజంగా పసుపే ఉంది. మూడింట్లో పైపరిన్ కూడా కలిసి ఉంది. ఈ పదిమందిలో ఏడుగురికి పుట్టుకతో వచ్చిన ఒకే రకమైన జన్యు లక్షణం ఉన్నట్టు తేలింది. అది ఉన్నవాళ్ళ రోగనిరోధక వ్యవస్థ ఈ మాత్రకి వికటించి, సొంత లివరు మీదే విరుచుకుపడుతోందని డాక్టర్ల అంచనా.

ఇటలీ ప్రభుత్వం 2022లో పసుపు మాత్రల మీద లివరుకి మేలుచేస్తుందని రాసుకోకూడదని ఆంక్ష పెట్టింది. ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ 2023లో తమకి అందిన 18 కేసుల సంగతి చెప్పి ప్రజల్ని హెచ్చరించింది. 2024లో వచ్చిన మరో అమెరికా అంచనా ప్రకారం లివరుకి హాని చేయగల ఆరు మొక్కల మందుల్లో ఏదో ఒకదాన్ని అక్కడ కోటీ యాభై లక్షలకు పైగా పెద్దవాళ్ళు వాడుతున్నారు. ఆ ఆరింటిలో ఎక్కువమంది వాడేది పసుపే. అశ్వగంధ, గ్రీన్ టీ సారం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అమెరికాలో ఉన్న పిల్లల చేత ఈ డబ్బాలు తెప్పించుకునే అమ్మలూ, అత్తయ్యలూ మనలో ఎంతమంది లేరు!

వీటిని వాడిన కోట్లమందిలో లివరు పాడైనవాళ్ళు చాలా తక్కువ. అది నిజమే. కానీ ఆ తక్కువమందిలో మనం ఉన్నామో లేమో మాత్ర మింగేముందు తెలియదు. ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం కొంచెమే అయినా, దానికి బదులుగా వచ్చే లాభం రుజువైనదేనా అని అడగడంలో తప్పేముంది?

తిప్పతీగ నేర్పిన పాఠం

కోవిడ్ రోజులు గుర్తున్నాయి కదా! గేటు మీద పాకిన తిప్పతీగకి ఒక్కసారిగా ఎక్కడలేని గిరాకీ వచ్చింది. పొద్దున్నే కషాయం కాచి ఇంటిల్లిపాదికీ పట్టించాం. రోగనిరోధక శక్తి పెరుగుతుందన్నారు. 2020 చివరి నెలల్లో తిప్పతీగ వాడినవాళ్ళు ఆరుగురు లివరు జబ్బుతో వచ్చారని ముంబయి వైద్యులు 2021లో ప్రకటించారు. అప్పట్లో ఆయుష్ మంత్రిత్వశాఖ దీన్ని ఒప్పుకోలేదు. వాళ్ళు వాడింది నిజంగా తిప్పతీగేనా, దానిలాగే కనిపించే మరో తీగా అన్నది సరిగా తేల్చలేదని అభ్యంతరం చెప్పింది. అది అడగదగిన ప్రశ్నే. ఆకు చూసి మొక్కని పోల్చుకోవడం అంత తేలికేం కాదు.

తర్వాత 2022లో దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి 43 మంది వివరాలు వచ్చాయి. వాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే. వాడటం మొదలుపెట్టిన నెలన్నరకి అటూఇటూగా లక్షణాలు బయటపడ్డాయి. కొందరికి అప్పటికే లివరు జబ్బు ఉండి, అది ముదిరింది. రోగనిరోధక వ్యవస్థని రెచ్చగొట్టే గుణం తిప్పతీగకి ఉంది. సొంత ఒంటి మీదే తిరగబడే తరహా జబ్బులు ఉన్నవాళ్ళకి ఆ రెచ్చగొట్టడమే ప్రమాదం. అలాంటి జబ్బులు మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకే ఎక్కువగా వస్తాయి. అందుకే 'ఇంటిల్లిపాదికీ ఒకటే కషాయం' అన్న పద్ధతి నాకు భయం వేస్తుంది.

పసరు మందు - గర్భిణి

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇప్పుడు చెబుతాను. కామెర్లు వచ్చాయనగానే మనవాళ్ళు మొదట వెళ్ళేది పసరు మందుకి. ఫలానా ఊళ్ళో ఫలానా ఆయన మూడురోజులు పసరు పోస్తే ఇట్టే తగ్గిపోతుందంటారు. తగ్గుతుంది కూడా! ఎందుకంటే కలుషితమైన నీళ్ళు, తిండి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ, ఇ రకాల కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. పసరు పోసినా తగ్గుతాయి, పోయకపోయినా తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకి వస్తుంది. తగ్గని నలుగురి గురించి ఎవరూ చెప్పుకోరు.

కానీ నిండు గర్భిణి విషయంలో ఇది ప్రాణాలతో చెలగాటం. హెపటైటిస్-ఇ మామూలు మనుషులకి పెద్దగా ముప్పు చెయ్యదు. అదే నెలలు నిండుతున్న గర్భిణికి వస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇది మన దేశానికి కొత్త జబ్బేం కాదు. 1955-56లో ఢిల్లీలో మురుగునీరు తాగునీటిలో కలిసి 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది ఈ రకమేనని తర్వాత తేలింది. 2005లో హైదరాబాద్‌లోనూ ఇది ప్రబలింది. కడుపుతో ఉన్న పిల్లకి కళ్ళు పచ్చబడితే పసరు కోసం ఊళ్ళు తిరిగే ఆ మూడు రోజులే ఆమెకి దక్కాల్సిన వ్యవధి. పథ్యమంటూ ఉప్పు, పప్పు మాన్పించి ఆమెని నీరసపెట్టడం ఇంకో దారుణం. అత్తగారైనా, అమ్మగారైనా అప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్ళడం.

'మరి ఇంగ్లీషు మందులో?'

ఇదంతా చెబితే, 'ఇంగ్లీషు మందులు మాత్రం లివరుని పాడుచెయ్యవా?' అని అడుగుతారు. చేస్తాయి. ఒప్పుకుని తీరాలి. మందుల వల్ల లివరు దెబ్బతిన్న 1288 మంది వివరాలు మన దేశ వైద్యులు 2021లో ప్రకటించారు. వాటిలో 46 శాతం క్షయ మందుల వల్లే. ఆకు, వేరు మందుల వాటా 14 శాతం. లెక్క చూస్తే ఇంగ్లీషు మందులదే పెద్ద పాపం.

కాకపోతే తేడా ఎక్కడుందో చూడండి. క్షయ మందుని మానలేం. మానితే ఆ జబ్బే చంపుతుంది. ఆ మందు వాడేటప్పుడు లివరు మీద ఒక కన్నేసి ఉంచాలని వైద్యులకి తెలుసు. ఏ లక్షణం కనిపిస్తే ఆపాలో తెలుసు. పక్కింటావిడ చెబితే తెచ్చుకున్న డబ్బా మీద ఎవరి కన్నూ ఉండదు. డాక్టరు 'ఏమైనా మందులు వాడుతున్నారా' అని అడిగితే, 'అబ్బే, ఏమీ లేవండీ' అనేస్తాం. అబద్ధమాడాలని కాదు. అది మన దృష్టిలో మందే కాదు మరి! పసుపు, తిప్పతీగ, చూర్ణం... ఇవి మందులెలా అవుతాయి? ఈ ఒక్కమాట వల్లే కారణం తెలియక జబ్బు ముదిరిపోతోంది. మింగే చెయ్యి మింగుతూనే ఉంటుంది.

ప్రకటనల సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. ఆయుర్వేద, సిద్ధ, యునాని మందుల ప్రకటనలకి ముందస్తు అనుమతి ఉండాలని 2018లో 170వ నిబంధన తెచ్చారు. 2024 జులైలో ఆయుష్ మంత్రిత్వశాఖ దాన్ని తీసేసింది. ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తొలగింపుని నిలిపివేసింది. 2025 ఆగస్టులో కేసు ముగియడంతో ఆ నిలుపుదలా పోయింది. కోర్టుల్లో ఇంత నడిచాక కూడా, చివరికి టీవీలో కనిపించే ప్రతి మాటనీ జల్లెడ పట్టుకోవాల్సింది మనమే అని తేలింది.

మనమేం చేద్దాం?

పసుపు మానెయ్యమని నేను చెప్పడం లేదు. కూరలో పసుపు, పాలల్లో చిటికెడు పసుపు, ఉసిరికాయ పచ్చడి - ఇవి మన తిండి. తరాలుగా తింటున్నాం. తిండిని తిండిగా ఉంచుదాం. దాన్ని పిండి, చిక్కబరిచి, మాత్రలో కుక్కగానే అది మందైపోతుంది. మందుని అడగాల్సిన ప్రశ్నలన్నీ దాన్నీ అడగాలి. దేనికోసం వాడుతున్నాం? ఎంత? ఎన్నాళ్ళు? మనుషుల మీద పరీక్షించారా? వేరే మాత్రలతో కలిస్తే ఏమవుతుంది?

ఇప్పటికే ఏదైనా వాడుతుంటే ఆ డబ్బాని సంచీలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. ఆయన విసుక్కున్నా సరే, చూపించండి. ఆయుర్వేదం మీద నమ్మకం ఉంటే చదువుకున్న ఆయుర్వేద వైద్యుడికే నాడి చూపించి మందు తీసుకోండి. టీవీ ప్రకటన వైద్యుడు కాదు. మాత్ర మొదలెట్టాక ఆకలి చచ్చిపోవడం, వాంతులు, ఒళ్ళంతా దురద, మూత్రం ముదురు రంగులో రావడం, కళ్ళు పచ్చబడటం - వీటిలో ఏది కనిపించినా ఆపేసి లివరు పరీక్ష చేయించుకోండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, థైరాయిడ్, షుగరు ఉన్నవాళ్ళు, అప్పటికే లివరు జబ్బు ఉన్నవాళ్ళు అడగకుండా ఏదీ మొదలెట్టకూడదు.

లివరుని నిజంగా కాపాడేవి ఏమిటంటారా? అవి అంత గొప్పగా కనిపించవు. పుట్టిన 24 గంటల్లో బిడ్డకి వేసే హెపటైటిస్-బి టీకా వాటిలో మొదటిది. ఈ టీకాని మన దేశంలో మొదటిసారి తయారుచేసి 1997లో బజారులోకి తెచ్చింది మన హైదరాబాద్ సంస్థ శాంతా బయోటెక్నిక్స్. పసుపులాగే ఇదీ మనం గర్వపడాల్సిన విషయమే. కాచి చల్లార్చిన నీళ్ళు రెండోది. మూడోది, ఒంట్లో కొవ్వు తగ్గించుకోవడం. 2025లో వెలువడిన ఒక అధ్యయనంలో హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి లివరులో కొవ్వు పేరుకుని ఉంది. దీనికి బరువు తగ్గడమే ముందు చెప్పే వైద్యం. ఉన్న బరువులో నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గితే లివరులో కొవ్వూ, వాపూ తగ్గుముఖం పడతాయి. డెబ్భై కిలోల మనిషి అయిదు నుంచి ఏడు కిలోలు తగ్గితే చాలన్నమాట.

నడకకి ప్రకటనలు రావు. కాచిన నీళ్ళకి కంపెనీ లేదు. టీకా ఉచితంగా వేస్తారు కాబట్టి దాని గురించి ఎవరూ ఊదరగొట్టరు. వీటి గురించి చెప్పుకోవాల్సింది మనకి మనమే. ఈసారి ఎవరైనా 'ఈ మాత్ర వేసుకో వదినా, లివరంతా శుభ్రమైపోతుంది' అంటే, కోపం తెచ్చుకోకుండా ఒక్కమాట అడగండి: 'ఇందులో ఎంత ఉంది? మీ డాక్టరుకి చూపించావా?'